రాక్ సింగర్ గొంతులో గొప్పతనం ఎక్కడుంది? రేంజా, జీర గొంతా, ఇంకేమైనానా?

రెండో_కోరస్ (విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది ఐదుగురి బ్యాండ్. నేను పాడతాను. పోయిన నెల మా ఊళ్లోనే ఒక ప్రోగ్రాంలో బ్రిటన్ రాక్ బ్యాండ్ లెడ్ జెపెలిన్ పాట ఎత్తుకున్నాం. మొదటి కోరస్ (పల్లవిలా తిరిగి తిరిగి వచ్చే భాగం) బాగానే వెళ్లింది. రెండో కోరస్‌లో పైకి వెళ్లేసరికి గొంతు పట్టేసింది. గాలి వస్తోంది, స్వరం రావట్లేదు. గిటార్ వాయించేవాడు నా వైపే చూస్తున్నాడు. ఏం చేయాలో తోచక మైకు జనం వైపు తిప్పాను. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో మాట్లాడటానికి కూడా ఇబ్బందిపడ్డాను.

దానికి ముందు ఆరు నెలలు ఒకచోట పాట నేర్చుకున్నాను. అక్కడ రోజూ చెప్పింది ఒకటే: రేంజ్ (గొంతు కింది నుంచి పైదాకా అందుకునే పరిధి) పెంచు, నొప్పి వచ్చినా ఆపకు, అదే అలవాటవుతుంది. నేను నమ్మాను. ఇప్పుడు మొదటినుంచి ఆలోచించుకోవాలనిపిస్తోంది. అసలు గొప్ప రాక్ గొంతు అంటే ఏమిటి? ఎంత పైకి వెళ్తే అంత గొప్పా? ఆ గరుకుదనం గొంతు పాడవకుండా ఎలా వస్తుంది? వచ్చే నెల ఇంకో ప్రోగ్రాం ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

తారస్థాయి (హైదరాబాద్)
తమ్ముడూ, ముందు గొంతు జాగ్రత్త. నీ ప్రశ్నకి నా జవాబు సూటిగా చెప్తాను: రేంజ్ ముఖ్యం. రాక్‌లో పాట కట్టేదే పై స్థాయి కోసం. చరణం కింద నడుస్తుంది, కోరస్ పైకి లేస్తుంది, ఆ లేవడంలోనే ఒళ్లు జలదరిస్తుంది. లెడ్ జెపెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్, సౌండ్‌గార్డెన్ బ్యాండ్ క్రిస్ కార్నెల్, హార్ట్ బ్యాండ్ ఆన్ విల్సన్, జర్నీ బ్యాండ్ స్టీవ్ పెర్రీ, వీళ్లందరిలో ఉమ్మడిగా ఉన్నది అదే. మామూలు మగవాడి గొంతు ఆగిపోయే చోట కార్నెల్ ఇంకా నిండు గొంతుతో పాడుతూ ఉంటాడు, ఫాల్సెట్టోలోకి, అంటే పలచబడిపోయే పైగొంతులోకి జారిపోడు. అది పుట్టుకతో కొంత, సాధనతో కొంత.

పాత_క్యాసెట్ (గుంటూరు)
తారస్థాయి గారూ, గౌరవంగానే విభేదిస్తున్నాను. రేంజ్ కొలతబద్ద అయితే అంత పైకి వెళ్లని బాబ్ డిలాన్ ఎక్కడుంటాడు? లూ రీడ్ ఎక్కడుంటాడు? అమెరికా గాయకుడు జానీ క్యాష్ 2002లో, చనిపోవడానికి ఏడాది ముందు, నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ పాట ఒకటి పాడాడు. గొంతు వణుకుతోంది, ఊపిరి చాలట్లేదు, స్థాయి చాలా తక్కువ. ఆ పాట రాసినవాడి గొంతు కంటే క్యాష్ గొంతే ఇవాళ చాలామందికి గుర్తు.

నేను ఒక రికార్డింగ్ గురించి చెప్తాను. 1963 ఫిబ్రవరి 11, లండన్‌లో ఈఎంఐ స్టూడియో. బీటిల్స్ తమ మొదటి ఆల్బం కోసం ఆ ఒక్కరోజులో పది పాటలు రికార్డు చేశారు. పొద్దున పదింటికి మొదలుపెడితే రాత్రి పది దాటింది. బ్యాండ్‌లో పాడే జాన్ లెనన్‌కి జలుబు. రోజంతా గొంతు బిళ్లలు చప్పరిస్తూ, పాలు తాగుతూ నెట్టుకొచ్చాడు. 'ట్విస్ట్ అండ్ షౌట్' కావాలనే ఆఖరికి ఉంచారు, ఎందుకంటే అది పాడాక ఇంకేమీ పాడలేడని అందరికీ తెలుసు. మొదటి టేకే రికార్డులోకి వెళ్లింది. రెండో టేక్ మొదలుపెట్టారు గాని అప్పటికే గొంతు లేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి. పదాల చివర్లు చిరిగిపోతున్నాయి. కొన్నిచోట్ల స్వరం కంటే గాలే ఎక్కువ. అయినా ఒక్క మాట తాళం తప్పలేదు, ఒక్క మాట మింగలేదు. ఇంకా బాగా పాడి ఉండాల్సిందని లెనన్ ఆ తర్వాత బాధపడ్డాడు. నాకు మాత్రం రాక్ గొంతు అంటే మొదట గుర్తొచ్చేది అదే.

రెండో_కోరస్
పాత_క్యాసెట్ గారూ, ఇప్పుడే విన్నాను. భయం వేసింది. నా గొంతు పట్టేసిన రోజు కూడా అచ్చం అలాగే అనిపించింది, కానీ నాకు స్వరం రాలేదు. ఆయనకి ఎలా వచ్చింది?

స్వరపేటిక (విజయవాడ)
నేను స్పీచ్ థెరపిస్టుని. టీచర్లు, పూజారులు, పాటగాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఈ ప్రశ్న నాకు బాగా ఇష్టమైనది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

గొంతులో స్వరతంత్రులు రెండు. వాటి పైన ఇంకో రెండు మడతలు ఉంటాయి, వాటిని దొంగ స్వరతంత్రులు అనుకోండి. మామూలుగా మాట్లాడేటప్పుడు వాటికి పనిలేదు. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు అవి దగ్గరికొస్తాయి. గరుకుగా పాడేవాళ్లలో చాలామంది ఈ పై మడతలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని కంపించేలా చేస్తారు. కింద అసలు తంత్రులు శుభ్రంగా శ్రుతిలో మోగుతుంటాయి, పైన గరుకు కలుస్తుంది. అది నేర్చుకోదగ్గ విద్యే. అలా కాకుండా అసలు తంత్రుల్నే ఒకదానికొకటి గట్టిగా నొక్కి, కింద నుంచి గాలి తోసి గరుకు పుట్టిస్తే వాపు వస్తుంది, కొన్నాళ్లకి కాయలు కడతాయి. బయటివాళ్ల చెవికి రెండూ ఒకేలా వినిపించొచ్చు. పాడేవాడి గొంతులో మాత్రం రెండింటికీ సంబంధమే లేదు.

క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు మీద 2016లో యూరప్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటర్వ్యూల్లో ఆయన మాట్లాడే గొంతు కొలిస్తే సగటు స్థాయి సుమారు 117 హెర్ట్జ్, అంటే సెకనుకి 117 కంపనాలు. అంటే మాట్లాడేటప్పుడు ఆయనది బారిటోన్‌కి (మగవాళ్లలో మధ్యస్థాయి గొంతు) దగ్గర గొంతు, పాడింది మాత్రం టెనర్‌లా (మగవాళ్లలో పైస్థాయి గొంతు). ఆయన గరుకుదనం ఎలా పుడుతుందో చూడటానికి, ఆయనలా పాడగల ఇంకో గాయకుడి గొంతులోకి కెమెరా పంపి సెకనుకి 4 వేలకు పైగా ఫ్రేముల వేగంతో చిత్రించారు. కనిపించింది ఈ పై మడతల కంపనమే. ఇంకోటి, ఆయన స్వరకంపన (వైబ్రాటో, సాగదీసిన స్వరం పైకీ కిందకీ ఊగడం) వేగం సెకనుకి సుమారు 7 సార్లు. పాశ్చాత్య శాస్త్రీయ గాయకుల్లో సాధారణంగా 5.5, 6 దగ్గర ఉంటుంది. ఆ పొడవాటి స్వరాల్లో ఏదో ఆత్రం వినిపిస్తుందే, అందులో కొంత ఈ వేగానిదే అనుకుంటాను.

బాబూ, నీకు ఒక మాట. నొప్పి వచ్చినా ఆపకు అన్నది పూర్తిగా తప్పు. గొంతుకి నొప్పి అలవాటవదు, దెబ్బ అలవాటవుతుంది. బొంగురు రెండు వారాలకు మించి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర స్కోప్ (గొంతులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) చేయించుకో. గొంతు బాగాలేనప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి అనుకుంటారు, అది కూడా శ్రమే. మౌనంగా ఉండు, నీళ్లు తాగు, గొంతు సవరించుకునే అలవాటుంటే మానుకో.

రెండో_కోరస్
చాలా థాంక్స్ అండీ. బొంగురు తగ్గింది గాని పొద్దున లేవగానే కొంచెం ఉంటోంది. ఈ వారమే చూపించుకుంటాను.

అంతర_గాంధారం (డాలస్)
నేను చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. రాక్ వినడం అమెరికా వచ్చాకే మొదలైంది, అందుకే నా చెవి కొంచెం వేరేగా వింటుంది. నాకు రాక్ గొంతుల్లో మొదట తట్టింది గాంధారం, సరిగమల్లో 'గ'. బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం) నుంచి వచ్చిన పాటల్లో ఒక గాంధారం ఉంటుంది. అది మన సాధారణ గాంధారమూ (కింది 'గ') కాదు, అంతర గాంధారమూ (పై 'గ') కాదు, రెండిటి మధ్యలో ఎక్కడో ఊగుతుంది. పియానో మీద ఆ స్వరానికి మెట్టు లేదు. గొంతులో ఉంది, గిటార్ తీగ లాగితే ఉంది. అమెరికా రాక్ గాయని జానిస్ జాప్లిన్ దాని మీద నిలబడిపోతుంది. మనకి గమకం ఎలాగో ఆవిడకి ఆ లాగుడు అలా.

1967 జూన్‌లో అమెరికాలోని మాంటెరీ సంగీత ఉత్సవంలో ఆవిడ పాడిన వీడియో చూసే ఉంటారు. జనంలో కూర్చున్న కాస్ ఇలియట్, ఆవిడ కూడా పెద్ద గాయనే, నోరు తెరుచుకుని 'వావ్' అనడం కెమెరాకి దొరికింది. జానిస్ ఆ పాట బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్ దగ్గర విని నేర్చుకుంది. పాతతరం బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ సమాధికి రాయి లేదని తెలిసి 1970లో దానికి డబ్బిచ్చినవాళ్లలో జానిస్ ఒకరు. ఆ గొంతు గాల్లోంచి ఊడిపడలేదు. నల్లజాతి గాయనుల దగ్గర కూర్చుని విని తెచ్చుకున్నది. ఎవరిని విన్నావన్నది గొంతులో తెలిసిపోతుంది.

అమెరికా గాయకుడు జెఫ్ బక్లీ కూడా అంతే. ఆయనకి పాకిస్తాన్ కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ అంటే ప్రాణం. ఆ సాగతీసిన ఆలాపనలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

తారస్థాయి
బక్లీ పేరు తెచ్చి నా వాదనకే బలం ఇచ్చారు. రేంజ్ లేకుండా ఆ ఆలాపన ఎలా?

అంతర_గాంధారం
రేంజ్ కావాలండీ, కాదనను. ఇల్లు పెద్దదైతే తిరగడానికి చోటుంటుంది. కానీ మీరు ఆ ఇంటి కొలతలు చెప్తున్నారు, నేను లోపల ఎవరున్నారని అడుగుతున్నాను.

సౌండ్‌డెస్క్ (హైదరాబాద్)
పదకొండేళ్లుగా లైవ్ సౌండ్ చేస్తున్నాను. ఇక్కడ ఎవరూ మైకు గురించి మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను.

రాక్ గొంతు మైకుతో కలిసి పుట్టింది. ఒపెరా గాయకుడికి మైకు లేదు కాబట్టి వాద్యబృందాన్ని దాటి వినపడేలా గొంతునే మలుచుకోవాలి. వాళ్ల గొంతులో 3 వేల హెర్ట్జ్ దగ్గర ఒక ఉబ్బు ఉంటుంది, అంటే అక్కడ శబ్దశక్తి ఎక్కువ. వాద్యబృందం శక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి గొంతు వాళ్ల పైనుంచి దూసుకొస్తుంది. రాక్‌లో చిక్కు ఏమిటంటే డిస్టార్షన్ పెట్టిన (శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చిన) గిటార్ కూడా సరిగ్గా ఆ 2 వేల నుంచి 4 వేల మధ్యే కూర్చుంటుంది. అంటే గొంతూ గిటారూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటాయి. అది తెలియని సింగర్ ఏం చేస్తాడు? తనకి తను వినపడక అరుస్తాడు. తమ్ముడూ, నీకు జరిగింది ఇదేనని నా అనుమానం. ఆ రోజు మానిటర్‌లో (స్టేజి మీద పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్) నీ గొంతు నీకు వినపడిందా?

రెండో_కోరస్
లేదు అన్నా. స్టేజి మీద మానిటర్ ఒకటే ఉంది, అదీ డ్రమ్స్ దగ్గర. నాకు గిటార్ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) తప్ప ఏమీ వినపడలేదు. ఎంత గట్టిగా పాడుతున్నానో నాకే తెలియలేదు.

సౌండ్‌డెస్క్
సగం జబ్బు అక్కడే ఉంది. వచ్చే ప్రోగ్రాంకి మూడు పనులు చెయ్యి. గిటార్ ఆంప్ నీ చెవి వైపు కాకుండా పక్కకి తిప్పించు, 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా తగ్గించమను. మానిటర్ నీ ముందు పెట్టించు, అందులో నీ గొంతు తప్ప ఇంకేమీ ఎక్కువ వద్దు. మైకు తలని గుప్పిట్లో మూయకు, వెనకనుంచి వచ్చే శబ్దాన్ని అది ఆపలేక కూత పెడుతుంది. మెల్లగా పాడే చోట మైకుని పెదాలకి ఆనించు, కింది స్వరాలు దానంతటవే బరువెక్కుతాయి. అరిచే చోట ఒక జానెడు దూరం జరుపు. పెద్ద పెద్ద సింగర్ల చెయ్యి గమనించు, పాటంతా ఆ చెయ్యి కదులుతూనే ఉంటుంది. వాళ్ల గొంతులో సగం పనితనం ఆ మణికట్టులో ఉంది.

వెనక_వరస (తెనాలి)
మా తాతగారు పద్యనాటకాల్లో హరిశ్చంద్రుడు కట్టేవారు. మైకులు సరిగా లేని రోజుల్లో, రాత్రి రెండు గంటలకి కాటిసీను పద్యం చివర రాగం తీస్తే వెనక వరసలో పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవాళ్లట. నేను చూసేటప్పటికి ఆయనకి డెబ్బై, గొంతులో జీర వచ్చేసింది. అయినా రాగం చివర 'వన్స్ మోర్' అనేవాళ్లు. రాగం ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు. పద్యం మొత్తం మాటలాగే చెప్పి, ఆఖరి పాదంలో మాత్రమే గొంతు వదిలేవారు. మొదటినుంచీ వదిలేస్తే చివరికి ఇవ్వడానికి ఏముంటుందిరా అనేవారు.

రాక్ గురించి నాకు తెలిసింది తక్కువ. మా అబ్బాయి వినిపిస్తుంటే వింటాను. కానీ ఈ చర్చ చదువుతుంటే తాతగారే గుర్తొస్తున్నారు.

పాత_క్యాసెట్
వెనక_వరస గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర అచ్చమైన ఉదాహరణ ఉంది. అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణ 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో చేసిన అన్‌ప్లగ్డ్ (ఎలక్ట్రిక్ గిటార్ల హోరు లేని) ప్రోగ్రాం. ఆఖరి పాట పాతతరం బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ పాడగా ప్రసిద్ధమైన పాత జానపదం. బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబెన్ దాదాపు పాటంతా కింద స్థాయిలో, నీరసంగా అన్నట్టు పాడతాడు. చివరికొచ్చేసరికి ఒక్కసారిగా ఒక పూర్తి స్థాయి ('స' నుంచి పై 'స' దాకా) పైకెక్కి అరుస్తాడు. ఆఖరి పంక్తిలో గొంతు పగులుతుంది, ఒక క్షణం ఆగుతాడు, కళ్లు తెరిచి ఊపిరి పీల్చుకుంటాడు, మిగిలిన మాట పూర్తిచేస్తాడు. ఆ ఊపిరి కూడా పాటలో భాగమే. ఎన్నిసార్లు చూసినా ఆ చోట నేను కదలలేను.

బెంగళూరు_బస్సు (కర్నూలు)
2007 మార్చి 17, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ ఇండియాలో మొదటి ప్రోగ్రాం. మేం నలుగురం కర్నూలు నుంచి రాత్రి బస్సులో వెళ్లాం. వాళ్ల గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కి అప్పుడు 48 ఏళ్లు. స్టేజి ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెడుతూ, దూకుతూ పాడుతున్నాడు, స్వరం ఎక్కడా ఊగట్లేదు. నేను ఆ రోజు గొంతు కాదు చూసింది, పొట్ట. నిజంగా. ప్రతి పొడవాటి స్వరానికి ముందు పక్కటెముకలు విచ్చుకోవడం ముందు వరసలోంచి కనిపించింది.

2015లో ఆయనకి నాలుక వెనక క్యాన్సర్ అని తెలిసింది. చికిత్స అయ్యాక మళ్లీ టూర్లు చేశాడు. ఆ వార్త చదివిన రోజు ఏడ్చాను, తిరిగి పాడిన రోజూ ఏడ్చాను.

ఊపిరి అంటే ఇంకో హెవీ మెటల్ గాయకుడు రోనీ జేమ్స్ డియో కూడా గుర్తొస్తాడు, చిన్నప్పుడు ట్రంపెట్ నేర్చుకున్నవాడు. తన ఊపిరి పట్టు అక్కడినుంచే వచ్చిందని చెప్పేవాడు. దమ్ము లేకుండా గరుకు చేయబోతే ఆ బరువంతా గొంతు మీదే పడుతుంది. స్వరపేటిక గారు చెప్పిన నొక్కుడు అదే కదండీ?

స్వరపేటిక
సరిగ్గా అదే. కింద గాలి అదుపులో లేకపోతే పైన గొంతు బిగుసుకుంటుంది.

అంతర_గాంధారం
పగిలే గొంతు గురించి మాట్లాడుతుంటే మెర్రీ క్లేటన్ పేరు రాలేదేమిటి? 1969లో లాస్ ఏంజెలిస్‌లో బ్రిటన్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ ఒక పాట మిక్స్ చేస్తున్నారు. ఒక ఆడగొంతు కావాలని అర్ధరాత్రి ఆవిడకి ఫోన్. నిండు గర్భిణి, జుట్టుకి కర్లర్లు పెట్టుకుని నిద్రకి సిద్ధమవుతోంది. వాటి మీదే స్కార్ఫ్ కట్టుకుని వెళ్లింది. చర్చిలో పాడుతూ పెరిగిన గొంతు, రే చార్ల్స్ వెనక పాడిన గొంతు. కొన్ని టేకులే పాడింది. 'గిమ్మీ షెల్టర్' మూడు నిమిషాల దగ్గర వినండి. ఒకే మాట మూడోసారీ నాలుగోసారీ పైకి తోస్తుంటే గొంతు చీలిపోతుంది. వెనకాల స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఆపుకోలేక కేక వేయడం కూడా రికార్డులో ఉండిపోయింది. దాన్ని తీసేయలేదు. తీసేసి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్లమో ఆలోచించండి.

అయితే ఒక సంగతి. ఆవిడ గొంతు చీలినప్పుడు కూడా శ్రుతి పక్కకి పోలేదు. గొప్ప గొంతు అంటే నాకు అదే. పగులు అంచు దాకా వెళ్లి, అక్కడ కూడా శ్రుతినీ మాటనీ చేతిలో ఉంచుకోవడం. ఆ అంచు ఒకరికి పై షడ్జం (పై 'స') దగ్గర ఉంటుంది, ఇంకొకరికి ఎక్కడో కిందే ఉంటుంది. ఎవరి అంచు వాళ్లది.

తారస్థాయి
రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. క్లేటన్ పాట రాత్రి మూడుసార్లు విన్నాను. ఆవిడ పాడిన స్వరం మరీ పెద్ద పైస్థాయి కాదు, నేను రోజూ మెచ్చుకునే చాలామంది అంతకంటే పైకి వెళ్తారు. కానీ ఆ చోట నాకు వెన్ను జలదరించింది. రేంజ్ ఒక్కటే అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్లాంట్ మీద ప్రేమ మాత్రం తగ్గదు.

ప్లాంట్ గురించే తమ్ముడికి ఒక సంగతి. 2007 డిసెంబర్ 10న లండన్‌లో లెడ్ జెపెలిన్ మళ్లీ కలిసి వాయించినప్పుడు కొన్ని పాటల శ్రుతి దించేశారు. ప్లాంట్‌కి అప్పుడు 59. ఇరవై ఏళ్ల వయసులో రికార్డు చేసిన శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టలేదు. పాట ఎవరిదో ఆ మనిషే శ్రుతి దించుకుంటే నువ్వెందుకు దించకూడదు?

రెండో_కోరస్
స్కోప్ అయింది. కాయలు లేవు, కొంచెం వాపు ఉందన్నారు. పది రోజులు పాట వద్దన్నారు. స్వరపేటిక గారూ, మీరు చెప్పకపోతే నేను వెళ్లేవాణ్ణి కాదు.

స్వరపేటిక
చాలా మంచి వార్త బాబూ. పది రోజులంటే పది రోజులే, ఏడో రోజున బాగుంది కదా అని మొదలుపెట్టకు. ఆ తర్వాత స్ట్రా పెట్టుకుని గ్లాసు నీళ్లలోకి ఊదుతూ మెల్లగా స్వరం తీయడం చెయ్యి, రోజుకి రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. గొంతు మీద బరువు పడకుండా తంత్రులు కదులుతాయి.

రెండో_కోరస్
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నిన్న రిహార్సల్ అయింది. పాటని ఒకటిన్నర స్వరం దించాం. మావాళ్లు మొదట ఒప్పుకోలేదు, గిటార్‌లో ఆ ఓపెన్ తీగల మోత పోతుందన్నారు. తీగలే వదులు చేసి వాయించి చూశారు, ఇంకా బరువుగా ఉందన్నారు. మానిటర్ నా ముందు పెట్టుకున్నాను. నా గొంతు నాకు వినపడేసరికి మొదటి చరణం దాదాపు మాట్లాడుతున్నట్టే పాడాను, అంత నెమ్మదిగా ఎప్పుడూ పాడలేదు. వెనక_వరస గారి తాతగారి మాట గుర్తుపెట్టుకుని మొదటి కోరస్‌లో కూడా మొత్తం వదల్లేదు.

రెండో కోరస్ వచ్చింది. మైకు జానెడు దూరం జరిపాను. పైకి వెళ్లాను, గరుకు వచ్చింది, నొప్పి లేదు. చివరి మాటలో గొంతు కొంచెం పగిలింది. గిటార్ వాయించేవాడు మళ్లీ నా వైపు చూశాడు. ఈసారి మైకు తిప్పలేదు.